రెండు క్యాంపులు

మన గోడపత్రికకు ఈసారి ‘సేవ’ అని విషయం ఇచ్చారు. ఎన్.ఎస్.ఎస్. గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి, నేను దాంట్లో ఒక్క ముక్క మాత్రం తీసుకుంటున్నాను. వేరే దేశం నుంచి ఆశ్రయం కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు ఈ సేవా పనుల్లో చేరితే ఏమవుతుంది అన్నది ఆ ముక్క. తమిళనాట చదువుతున్న మనకు ఇదేమీ దూరపు సంగతి కాదు. మన క్లాసుల్లో, మన హాస్టల్లో ఆ అమ్మాయిలు ఉన్నారు.

తెలుగు శాఖ వాళ్ళం కాబట్టి ముందు మాటల దగ్గర కాసేపు ఆగుదాం. పాత తెలుగు పత్రికల్లో ‘కాందిశీకులు’ అని రాసేవాళ్ళు. ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. తమిళంలో ‘అగది’ అంటారు. అదీ సంస్కృతం నుంచి వచ్చిందే, గతి లేనివాడు అని. ఇప్పుడు మనం వాడే ‘శరణార్థి’ అంటే శరణు కోరేవాడు. మూడు మాటలూ చూడండి. ఒకటి పరుగు గురించి, ఒకటి లేమి గురించి, ఒకటి అడగడం గురించి. ఆ మనిషికి ఏ పని చేతనవునో ఒక్క మాటా చెప్పదు. మాట తప్పు అని నేననను, కానీ మనం వాళ్ళను చూసే చూపు కూడా సరిగ్గా ఇలాగే తయారైంది.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. సొంత దేశంలో ప్రాణభయంతో సరిహద్దు దాటి వచ్చి, ‘నాకు ఇక్కడ రక్షణ ఇవ్వండి’ అని దరఖాస్తు పెట్టుకుని జవాబు కోసం ఎదురుచూసేవాళ్ళు ఆశ్రయం కోరేవాళ్ళు. ఆ జవాబు ‘సరే’ అని వచ్చాక వాళ్ళు శరణార్థులు. యూరపు దేశాల్లో ఈ రెంటికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. మన దేశంలో అయితే ఈ గీత అంత స్పష్టంగా లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 నాటి దాని అనుబంధం మీద గానీ భారతదేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టమూ లేదు. ఏ దేశం నుంచి వచ్చారు, ఎప్పుడు వచ్చారు అన్నదాన్ని బట్టి ప్రభుత్వాలు ఆదేశాలు ఇస్తూ నడుపుతున్నాయి. అందుకే ఇక్కడ ఎదురుచూపు అన్నది ఒక తరంతో అయిపోదు.

శ్రీలంక తమిళుల సంగతే తీసుకోండి. 1983 జూలైలో కొలంబోలోనూ ఇతర చోట్లా తమిళుల మీద జరిగిన హింస తర్వాత పడవల్లో రామేశ్వరం వైపు రావడం మొదలైంది. 1990లో యుద్ధం మళ్ళీ రాజుకున్నప్పుడు ఇంకో పెద్ద అల. 2012 దాకా లెక్క చూస్తే మూడు లక్షలు దాటింది. చాలామంది తిరిగి వెళ్ళిపోయారు, కొందరు వేరే దేశాలకు పోయారు. మిగిలినవాళ్ళలో దాదాపు 58 వేల మంది తమిళనాడులో వందకు పైగా శిబిరాల్లో ఉన్నారు, ముప్పై వేలకు పైగా శిబిరాల బయట అద్దె ఇళ్ళల్లో ఉన్నారు. వచ్చినవాళ్ళను మొదట మండపం శిబిరంలో దించి, అక్కడి నుంచి జిల్లాలకు పంపేవాళ్ళు. మద్రాసు నుంచి నెల్లూరు వైపు రైల్లో వెళ్ళేవాళ్ళకు గుమ్మిడిపూండి స్టేషను తెలుసు కదా, అక్కడ ఒక పెద్ద శిబిరం ఉంది. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం వీటికి ‘మరువాళ్వు ముగామ్’ అని, అంటే పునరావాస శిబిరాలు అని పేరు మార్చింది. 317 కోట్ల రూపాయల పథకం ప్రకటించి, శిథిలమైన 7,469 ఇళ్ళు కొత్తగా కడతామని చెప్పింది. నెలనెలా ఇచ్చే సాయాన్ని కుటుంబ పెద్దకు 1,000 నుంచి 1,500 చేసింది.

ఇవన్నీ మంచి పనులే. కానీ శిబిరంలో పుట్టిన పిల్ల పరిస్థితి చూస్తే వేరే చిక్కు కనపడుతుంది. మన పౌరసత్వ చట్టం ప్రకారం 1987 జూలై 1కి ముందు ఈ నేల మీద పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులు. అందుకే మండపం శిబిరంలో 1986లో పుట్టిన ఒకావిడ హైకోర్టుకు వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చుకుని, 2024 ఎన్నికల్లో ఓటు వేయగలిగింది. పేపర్లలో ఫొటోతో వచ్చింది. ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి నిబంధన ఇంకా గట్టిపడింది. పాస్‌పోర్టు లేకుండా పడవ ఎక్కి వచ్చినవాళ్ళను చట్టం అక్రమ వలసదారుల లెక్కలో వేస్తుంది, ఆ లెక్కలో ఉన్నవాళ్ళు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోలేరు. 2019 సవరణలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ ఉన్నాయి గానీ శ్రీలంక లేదు. అంటే మన వయసు అమ్మాయి ఇక్కడే పుట్టి, ఇక్కడే ప్లస్ టూ రాసి, సముద్రం అవతలి ఊరిని ఒక్కసారీ చూడకపోయినా, కాగితం మీద విదేశీయురాలే. ప్రభుత్వ ఉద్యోగం లేదు, ఓటు లేదు.

మా డిపార్టుమెంటు కాదు గానీ, మా ఎన్.ఎస్.ఎస్. యూనిట్లో థర్డ్ ఇయర్ అక్క ఒకావిడ అలాంటి అమ్మాయే. పేరు రాయను, తనకు ఇష్టం లేదు. వాళ్ళమ్మ 1990లో ఆరేళ్ళ పిల్లగా పడవలో వచ్చింది. అక్క పుట్టింది, పెరిగింది అంతా శిబిరంలోనే. ఆమె ఒకసారి మాటల్లో చెప్పింది, చిన్నప్పటి నుంచి తన పేరు ఉన్న పట్టికలన్నీ ఏదో ఒకటి తీసుకునేవాళ్ళ పట్టికలేనట. బియ్యం పట్టిక, నోటు పుస్తకాల పట్టిక, దీపావళికి ఎవరో వచ్చి బట్టలు పంచితే ఆ పట్టిక. వరుసలో నిలబడాలి, ఫొటోకు నవ్వాలి. ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళే, తను వాళ్ళను ఏమీ అనదు. కానీ ఎవరూ వచ్చి ‘నువ్వు ఈ పని చేసిపెడతావా’ అని అడగలేదు.

ఎన్.ఎస్.ఎస్. ఎలా నడుస్తుందో మీకు తెలుసు, అయినా కొత్తగా చేరిన ఫస్ట్ ఇయర్ వాళ్ళ కోసం రెండు మాటలు. 1969లో గాంధీ శతజయంతి ఏడాది, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకు 240 గంటలు పని చేయాలి. దాంతోపాటు ఒక ఊరిని ఎంచుకుని ఏడు రోజులు అక్కడే ఉండి పనిచేసే ప్రత్యేక క్యాంపు. ‘నేను కాదు, నువ్వు’ అన్నది దాని నినాదం. మా అవ్వకు ఈ ఏడు రోజుల క్యాంపు అంటే ఇప్పటికీ అనుమానమే. “ఇంట్లో చీపురు పట్టదు గానీ ఊరు ఊడ్చడానికి పోతుంది” అంటుంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు.

పోయిన ఏడాది మా క్యాంపు గుమ్మిడిపూండి అవతల, ఆంధ్ర సరిహద్దు దగ్గర ఒక పల్లెలో జరిగింది. ఆ చుట్టుపక్కల ఇళ్ళల్లో తెలుగే ఎక్కువ. తమిళం చదువుతారు, తెలుగు మాట్లాడతారు, సరిగ్గా మా ఇంట్లో లాగే. మొదటి మూడు రోజులు చెరువు గట్టు మీద సర్కారు తుమ్మ కొట్టాం. చేతులకు ముళ్ళు. నాలుగో రోజు కంటి పరీక్షల శిబిరం. డాక్టర్లకు మా సాయం ఎక్కడ కావాలంటే, ముసలివాళ్ళను వరుసలో కూర్చోబెట్టడం, వాళ్ళకు పరీక్ష అర్థమయ్యేలా చెప్పడం. చదువు రానివాళ్ళకు అక్షరాల చార్టు పెట్టరు. ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం నాలుగు వైపులా తిప్పి ఉన్న చార్టు పెడతారు, దాని కాళ్ళు ఎటువైపు ఉన్నాయో చేత్తో చూపించాలి. చెప్పడానికి సులువే. కానీ డెబ్భై ఏళ్ళ అవ్వకు మొదటిసారి చెప్పి చూడండి, తెలుస్తుంది.

మాలో చాలామంది ఒకటికి రెండుసార్లు చెప్పి, మూడోసారికి గొంతు పెంచాం. అక్క మాత్రం అవ్వ పక్కన నేల మీద కూర్చుని, తన మూడు వేళ్ళు చాపి ‘ఇదీ దువ్వెన. పళ్ళు ఎటువైపు ఉన్నాయో చెప్పవ్వా’ అంది. తెలుగులో! గుమ్మిడిపూండి సంతలో కూరగాయల వాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగట, మన మల్లిక మేడమ్ వింటే విభక్తులు దిద్దేవారేమో గానీ, అవ్వకు వెంటనే తలకెక్కింది. మధ్యాహ్నానికి డాక్టరమ్మే ‘ఆ దువ్వెన అమ్మాయిని ఈ టేబుల్ దగ్గరకు పంపండి’ అని అడిగింది. సాయంత్రం ఆ అవ్వ అక్కను “నీది ఏ ఊరు తల్లీ?” అని అడిగితే అక్క “గుమ్మిడిపూండి” అంది. అవ్వ “ఓ, మా పక్కనే కదా. ఎవరి పిల్లవి?” అంది. అంతే. ఆమెను ‘క్యాంపు పిల్ల’ అనకుండా ‘పక్క ఊరి పిల్ల’ అని ఎవరైనా అనుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. రాత్రి పడుకునేటప్పుడు తను ఇంకో తమాషా చెప్పింది. ఇంటికి ఫోన్ చేసి ‘క్యాంపులో ఉన్నా’ అంటే వాళ్ళమ్మ ‘ఏ క్యాంపు?’ అని అడిగిందట.

ఈ పనులవల్ల వచ్చే లాభాలు పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటల్లో ఉంటాయి. నేను చూసింది చెబుతాను. సేవా పనిలో చేరిన అమ్మాయికి ఊరి పంచాయతీ అధ్యక్షుడు, అంగన్‌వాడీ టీచరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సు, వీళ్ళంతా ముఖపరిచయం అవుతారు. ఏ పనికి ఏ ఆఫీసుకు పోవాలో తెలుస్తుంది. పదిమంది ముందు మాట్లాడే అలవాటు వస్తుంది. ఉద్యోగానికి పోతే ‘ఈ అమ్మాయి పని నాకు తెలుసు’ అని రాసిచ్చే మనిషి ఒకరు దొరుకుతారు. మనలాంటివాళ్ళకు ఇవన్నీ మేనమామ వల్లో, నాయన స్నేహితుల వల్లో దొరుకుతాయి కాబట్టి వాటి విలువ తెలియదు. శిబిరంలో అందరి చుట్టాలూ శిబిరంలోనే ఉంటారు. బయట ఒక తెలిసిన మనిషి ఉండటం వాళ్ళకు చిన్న సంగతి కాదు.

రెండో వైపు కూడా ఉంది. ఆ పల్లెవాళ్ళకు శిబిరం అంటే పోలీసులు, తనిఖీలు, ఏదో గొడవ అన్న భావన. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగాక ఆ అనుమానం బలంగా నాటుకుపోయింది. అప్పుడు శిబిరాల మీద ఆంక్షలు పెరిగాయి, ఆ తర్వాత కొన్నేళ్ళు కాలేజీల్లో శరణార్థి పిల్లల ప్రవేశాలు కూడా ఆగిపోయాయి. అప్పటికి పుట్టనివాళ్ళు కూడా ఆ అనుమానం మోస్తున్నారు. ఉపన్యాసాలతో ఇది పోదు. పక్కన కూర్చుని దువ్వెన చూపిస్తే కొంచెం పోతుంది.

ఇదేమీ మేం కనిపెట్టిన దారి కాదు. 1984లో మద్రాసులో ఎస్.సి. చంద్రహాసన్ మొదలుపెట్టిన ఒఫర్ అనే సంస్థలో పనిచేసేవాళ్ళు చాలావరకు శరణార్థులే. శిబిరాల్లో సాయంత్రం ట్యూషన్లు చెప్పేది అక్కడే చదువుకున్న పెద్ద పిల్లలు. ఆరోగ్యం గురించి ఇంటింటికీ తిరిగి చెప్పేది అక్కడి ఆడవాళ్ళు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఆ సంస్థ తయారుచేసిన వాలంటీర్లు తమిళనాడు తీరంలో ఇళ్ళూ మనుషులూ పోగొట్టుకున్న కుటుంబాల దగ్గరకు వెళ్ళి పనిచేశారు. ఇల్లు వదిలి పరుగెత్తడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఎదురుగా కూర్చుంటే ఆ మాట వేరుగా ఉంటుంది కదా. ఇంకో సంగతి: మనం వాడే ‘శ్రమదానం’ అన్న మాటే శ్రీలంకలోనూ ఉంది. 1958లో కొలంబోలోని నలందా కళాశాల ఉపాధ్యాయుడు ఎ.టి. అరియరత్నే తన విద్యార్థులను ఒక వెనకబడిన పల్లెకు తీసుకెళ్ళి పెట్టిన క్యాంపే తర్వాత సర్వోదయ శ్రమదాన ఉద్యమం అయింది. మన ఎన్.ఎస్.ఎస్. కంటే పదకొండేళ్ళు ముందు.

యూరపులో దీన్ని ప్రభుత్వాలే చేపట్టాయి. 2015లో లక్షలమంది సిరియా, ఆఫ్ఘనిస్తాన్ల నుంచి వచ్చినప్పుడు జర్మనీ తన జాతీయ స్వచ్ఛంద సేవా పథకంలో ఒక ప్రత్యేక విభాగం తెరిచింది. ఏడాదికి 10,000 దాకా స్థానాలు. ఆశ్రయం కోరి వచ్చిన యువకులు కూడా వృద్ధాశ్రమాల్లో, పిల్లల బడుల్లో, క్రీడా సంఘాల్లో జర్మన్లతో పాటు చేరవచ్చు. నెలకు కొంత చేతిఖర్చు, భాష నేర్చుకునే వీలు. 2018 చివర్లో ఆ ప్రత్యేక విభాగం ముగిసింది. ఇటలీలో అయితే ప్రభుత్వం ఇచ్చింది కాదు, కోర్టు తెప్పించింది. జాతీయ సేవలో చేరాలంటే ఇటలీ పౌరులై ఉండాలన్న నిబంధన చెల్లదని 2015లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. నాకు ఈ ఇటలీ సంగతే ఎక్కువ నచ్చింది. సేవ చేయడం కూడా ఒక హక్కు అని, దాన్ని ఒకరికి లేకుండా చేయడం అన్యాయమని ఒక కోర్టు అనుకుంది.

అయితే అదే జర్మనీలో 2016లో ఇంకొక ఏర్పాటు కూడా వచ్చింది. ఆశ్రయం కోరేవాళ్ళకు శుభ్రం చేయడం, వంటశాలలో సాయం లాంటి పనులు అప్పగించి గంటకు 80 సెంట్లు ఇవ్వడం. కారణం లేకుండా కాదంటే సాయంలో కోత. పేరుకు ఇదీ సమాజానికి ఉపయోగపడే పనే. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: ఒక కుర్రాడు ముసలివాళ్ళకు అన్నం వడ్డిస్తున్నాడు. కానీ ఒకచోట అతను ఆ పనిని ఎంచుకున్నాడు, పక్కన ఆ దేశపు కుర్రాడు కూడా అదే పని చేస్తున్నాడు. రెండోచోట అతనికి కాదనే వీలు లేదు, పక్కన ఆ దేశపు కుర్రాడూ లేడు. రెండోదాన్ని నేను సేవ అనలేను, వెట్టికి దగ్గరి చుట్టం అంటాను.

మన దగ్గర కూడా ఈ ప్రమాదం లేదనుకోవద్దు. శిబిరాల్లోని మగవాళ్ళలో చాలామంది రంగులు వేసే పనికి పోతారు. మద్రాసులో ఎత్తయిన భవనాలకు తాళ్ళ మీద వేలాడుతూ రంగులు వేసేవాళ్ళలో వాళ్ళు ఎంతమందో. అక్క తమ్ముడు ప్లస్ టూ అయ్యాక అదే పనిలో ఉన్నాడు. అతన్ని ‘ఆదివారం వచ్చి మా బడి గోడకు ఊరికే రంగు వెయ్యి, సేవ కదా’ అని అడిగితే అది సేవ కాదు, అతని రోజుకూలి మనం తినడం. వాలంటీరుగా పిలిచినప్పుడు బస్సు చార్జీ, భోజనం మనం చూసుకోవాలి. అతనికి కూలి వచ్చే పనినే ఊరికే చేయమనకూడదు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి: 240 గంటలు సేవ చేసినంత మాత్రాన పౌరసత్వం రాదు, ఓటు రాదు. ‘ఇంత మంచి పని చేస్తున్నారు కాబట్టి వాళ్ళు మనవాళ్ళే’ అని కొందరు మెచ్చుకోలుగా అంటారు. నాకది నచ్చదు. పని చేయని అమ్మాయి మనది కాదా? ఆ పల్లెలో మనలో సగం మంది మూడో రోజుకే మూలనపడ్డాం, మన పౌరసత్వం గురించి ఎవరూ అడగలేదు కదా.

మనం తెలుగువాళ్ళం ఇక్కడికి ఎప్పుడు వచ్చామో మా తాతకే తెలియదు. నాయకరాజుల కాలం అంటాడు, ఒక్కోసారి ఇంకా ముందు అంటాడు. కానీ అంత వెనక్కి పోనక్కర్లేదు. యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూనుకు కూలికి పోయిన తెలుగువాళ్ళను బర్మాలో ‘కొరింగీలు’ అనేవారు. 1942లో జపాను సేన వచ్చినప్పుడు వాళ్ళలో చాలామంది అడవుల దారిన నడిచి వచ్చారు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసినప్పుడు ఇంకొందరు ఓడల్లో మద్రాసు, విశాఖపట్నం రేవుల్లో దిగారు. మనం ఫోన్ కవర్లు బేరం చేసే ప్యారిస్ దగ్గరి బర్మా బజారు ఆ తిరిగొచ్చినవాళ్ళ కోసం పెట్టిందే. వాళ్ళు భారతీయులుగా తిరిగొచ్చారు కాబట్టి కాగితాల చిక్కు ఇంత లేదు, అది పెద్ద తేడా. కానీ మన పత్రికలు ‘కాందిశీకులు’ అని రాసింది ముందు మనవాళ్ళ గురించే అని గుర్తుంటే చాలు.

ఇక పని సంగతి. శిబిరంలో ఉండేవాళ్ళు రాత్రిపూట బయట ఉండాలంటే ముందుగా చెప్పి అనుమతి తీసుకోవాలి. శిబిరాలను చూసేది రెవెన్యూ శాఖ, నిఘా క్యూ బ్రాంచి పోలీసులది. హాజరు తనిఖీలు ఉంటాయి. తనిఖీ రోజు లేకపోతే ఆ నెల సాయం ఆగే భయం. పోయిన ఏడాది కాలేజీ ఉత్తరం క్యాంపుకు నాలుగు రోజుల ముందు మాత్రమే వెళ్ళింది, అందుకని అక్క రెండో రోజు మధ్యాహ్నం గానీ చేరలేకపోయింది. ఈసారి క్యాంపు పొంగల్ సెలవుల తర్వాత. ప్రోగ్రామ్ ఆఫీసరు మేడమ్ నెల ముందే ఉత్తరం ఇస్తామన్నారు. దాంట్లో తేదీలు, ఊరు పేరు, రాత్రి బస ఎక్కడో, తోడు వచ్చే టీచరు ఎవరో స్పష్టంగా ఉండాలి. మన కాలేజీలో శిబిరాల నుంచి వచ్చేవాళ్ళు ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టొద్దు, ‘నీకు మంచిది’ అని కూడా చెప్పొద్దు. మనలో ఒకరినొకరం ఎలా అడుగుతామో అలాగే ‘వస్తావా?’ అని అడగండి. పేర్లు ఈ నెల 20లోగా రెండో అంతస్తు ఎన్.ఎస్.ఎస్. గదిలో ఇవ్వాలి. ఈసారి కంటి శిబిరంతో పాటు పళ్ళ డాక్టరు కూడా వస్తున్నారట, తెలుగు మాట్లాడగలిగినవాళ్ళు కనీసం పదిమంది కావాలి.